ముందు చక్రాల షాఫ్టు

లాజరు పగబట్టాడని చెబితే తెనాలిలో నవ్వేవాళ్ళు. హనుమంతరావుగారి మోటారు షెడ్డులో అన్నేళ్ళు పనిచేసినా అతని గొంతు పక్క షెడ్డుకి వినపడిన రోజు లేదు. యజమాని తిడితే తలొంచుకునేవాడు, డ్రైవర్లు ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకునేవాడు. ఆదివారం ఉతికిన తెల్లచొక్కా వేసుకుని గుడికి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, పాట రాకపోయినా పెదాలు కదిపేవాడు. అలాంటి మనిషి కడుపులో పాముందని ఎవరనుకుంటారు? పాములకేం, అవి కూడా చప్పుడు చెయ్యవు.

ఆ పగంతా ఒక్క మనిషి మీద. ఆయన పేరు బసవేశ్వరరావు. అడవులదీవిలో మెరక పొలమంతా ఆయనదే, ఆ ఊళ్ళో ఉన్న ఒక్క జీపూ ఆయనదే. లాజరుదీ ఆ ఊరే. తండ్రి ఏసోబు ఆయన దగ్గర పాలేరుగా బతికి, ఆయన చేలోనే కూలబడి పోయాడు. అయినా పగ అక్కడ పుట్టలేదు. పాలేర్లు చేలో పోవటం ఆ రోజుల్లో వింతేమీ కాదు. పగ పుట్టింది ఒక ఇనప కడ్డీ దగ్గర.

జీపు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మామూలు రోడ్డు మీద జీపుని వెనక చక్రాలే తోస్తాయి. బురదలోనో ఇసకలోనో దిగబడితే డ్రైవరు పక్కనున్న రెండో లివరు లాగుతాడు. అప్పుడు ముంజేయంత లావు కడ్డీ ఒకటి ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ తీసుకుపోతుంది, నాలుగూ కలిసి బండిని బయటపడేస్తాయి. ఆ కడ్డీనే షెడ్డులో ముందు షాఫ్టు అంటారు. జీపుకి జీపన్న పేరు నిలబెట్టేది అదే. అది లేకపోతే అదీ ఒక కారే, కాకపోతే కూర్చుంటే నడుం విరిగే కారు.

అరవై అయిదు ఎండాకాలంలో బసవేశ్వరరావు జీపు తోలించుకుని షెడ్డుకి వచ్చాడు. కుర్చీ వేయించుకుని, సిగరెట్టు వెలిగించుకుని అన్నాడు.

"హనుమంతరావుగారూ, ఈ ముందు షాఫ్టు తీసేస్తే పెట్రోలు కలిసొస్తదంట గదండి? గుంటూరులో అందరూ తీయిస్తున్నారంట. నలుగురు తాగేచోట ఇద్దరు తాగితే మిగలదూ?"

ఆ జోకు ఆయనకే బాగా నచ్చింది. హనుమంతరావు కూడా నవ్వాడు. ఆ ఏడు అలా ఊడదీసిన షాఫ్టులు షెడ్డు వెనక ఇనప కుప్పలో నాలుగైదు పడి ఉన్నాయి. ఎవరి జీపు వాళ్ళిష్టం, మనకెందుకని ఆయన లాజరుని కేకేశాడు.

బసవేశ్వరరావు లాజరుని పోల్చుకున్నాడు. "నువ్వు మన ఏసోబు కొడుకువి కదంట్రా? మీ అయ్య నా బురద తొక్కాడు, నువ్విక్కడ వీళ్ళ నూనె తొక్కుతున్నావు. ఎక్కడికి పోయినా కిందికి దూరటమేరా మీ రాత. ఊఁ, దూరు దూరు."

షెడ్డులో నలుగురూ నవ్వారు. లాజరు కూడా నవ్వాడు, అతనికి అలవాటే కదా. జీపు కిందికి దూరి, ఇటు నాలుగు అటు నాలుగు నట్లు విప్పి, అరగంటలో షాఫ్టు ఊడదీసి కుప్పలో పడేశాడు. బసవేశ్వరరావు సిగరెట్టు నలిపి జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో వానలు పట్టుకున్నాయి. అడవులదీవి పల్లెలో లాజరు అక్క దేవకుమారికి నొప్పులు మొదలయ్యాయి. మిషను బళ్ళో పంతులమ్మ ఆవిడ. లాజరుకి అక్షరాలు దిద్దించిందీ, పొలంలోకి పోనివ్వకుండా తెనాలి పంపి పని నేర్పించిందీ ఆవిడే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కడుపు పండింది. రెండు రోజులైనా బిడ్డ అడ్డం తిరిగి రాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. భర్త సీమోను వానలో పరుగెత్తి బసవేశ్వరరావు వాకిట్లో నిలబడ్డాడు. ఆయన ఆకాశం వంక చూశాడు, జీపు వంక చూశాడు. లోపల్నుంచి భార్య కనకదుర్గ, "ఇవ్వండి, పాపం ఆడకూతురు," అంది. అప్పుడు సరేనన్నాడు. సీటు మీద మాత్రం వద్దన్నాడు, వెనక గోనె పరిచి పడుకోబెట్టుకోమన్నాడు.

అడవులదీవి నుంచి రేపల్లె రోడ్డెక్కాలంటే మూడు మైళ్ళు మట్టికట్ట. మురుక్కాలవ మలుపు దగ్గర అది నల్లమట్టి, నానితే వెన్నముద్ద. అక్కడ జీపు వెనక చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు రామకృష్ణ రెండో లివరు లాగాడు. లివరు వచ్చింది, ముందు చక్రాలు మాత్రం ఉలకలేదు పలకలేదు. ఎద్దులు వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఈలోపే దేవకుమారి, కడుపులో బిడ్డా, ఆ గోనె మీదే పోయారు. తల్లి విజయమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఆ నాలుగు గంటలూ అక్కడే ఉంది.

ఇక్కడిదాకా అయితే దేవుడి ఇష్టమని ఏడ్చి ఊరుకునేవాళ్ళేమో. కానీ మర్నాడు పొద్దున్నే బసవేశ్వరరావు జీపు తెనాలి పంపించాడు, కడిగించుకు రమ్మని. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోనంటున్నారట. రామకృష్ణ జీపు షెడ్డులో పెట్టి లాజరు మొహం చూడకుండా, "వెనక భాగం కాస్త శుభ్రంగా కడుగు," అని చెప్పి టీకొట్టు వైపు నడిచాడు.

లాజరు గోనె లాగి పక్కన పడేశాడు. నాలుగు బకెట్లు కొట్టాడు, మూలల్లో పోలేదని బ్రష్షు పెట్టి రుద్దాడు, కిరసనాయిలు పోసి తుడిచాడు. ఎవరో కోసిన కోళ్ళో మేకలో తెచ్చుంటారనుకున్నాడు. పని పూర్తయ్యాక రామకృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టీ తాగలేదు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"లాజరూ, అది మీ అక్కదిరా," అన్నాడు.

లాజరు బ్రష్షు కింద పెట్టాడు. జీపెక్కు తీసుకెళ్తానంటే ఎక్కలేదు. బస్సు పట్టుకుని, దిగి, ఆ కట్ట మీద నడిచి ఇల్లు చేరేసరికి మట్టి చేసేశారు.

తల్లి ఏడుపు మానేసి ఒకే ఒక మాట అడిగింది. "ఏదో కడ్డీ ఊడదీయించాడంటగదా. అందుకే ఆగిపోయిందంట. ఎవరు తీశార్రా?"

"నేనే తీశా," అన్నాడు లాజరు. "మన ఊరి దారికి అది ఉండాలండి, తీయొద్దండి అని చెప్పానమ్మా. ఆయన వినలేదు," అన్నాడు.

విజయమ్మ ఆ మాటని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. గుడికి వెళ్ళినా, నాట్లకి వెళ్ళినా, ఎవరు పలకరించినా అదే మాట. నా కొడుకు చెప్పాడమ్మా, ఆయనే వినలేదు. పల్లె పల్లెంతా ఆ మాట పట్టుకుంది. బసవేశ్వరరావు ఎదురుపడితే లేచి నిలబడటం మానలేదు గానీ, ఆయన దాటాక ఉమ్మేసేవాళ్ళు.

లాజరు తెనాలి తిరిగొచ్చి ఇనప కుప్పంతా తిరగేసి ఆ షాఫ్టు వెతికి తీశాడు. దాని మీద ఆ జీపుకి వేసిన నీలం రంగు మరక ఉంది, పోల్చుకోవటం కష్టం కాలేదు. గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, మంచం కింద పెట్టుకున్నాడు. ఆ రోజు పక్కన పడేసిన గోనె కూడా ఉతికి, మడిచి దాని పక్కనే పెట్టాడు. ఆ క్రిస్మసుకి ఇంటికెళ్ళినప్పుడు తల్లితో అన్నాడు.

"అమ్మా, ఈ షాఫ్టుతోనే ఒక బండి కడతా. ఎంత బురదైనా ఆగని బండి. ఏదో ఒక వానాకాలం ఆయన ఆ మలుపులో దిగబడతాడు. నన్ను చూసి చెయ్యెత్తుతాడు. నేను ఆపను. ఆయన షాఫ్టు నా బండి కింద తిరుగుతుంటే ఆయన పక్కనుంచే పోతా."

అలా అనకూడదురా అని తల్లి అనలేదు. ప్రార్థనలో ఆమెన్ అన్నంత నెమ్మదిగా తలూపింది.

బండి దొరకటానికి మూడేళ్ళు పట్టింది. బాపట్లలో బ్రహ్మానందం అని ఒక ఉప్పు కాంట్రాక్టరు ఉండేవాడు. మిలిటరీ వాళ్ళ వేలంలో కొన్న విల్లీస్ పికప్పు ఒకటి ఆయన గోడౌను వెనక సర్కారు తుమ్మల్లో పడి ఉంది. ముందు జీపు మొహం, వెనక తొట్టి. నాలుగు చక్రాలూ లాగే జాతి. ఉప్పు మోసీ మోసీ తలుపులు జల్లెడలయ్యాయి, తొట్టి అడుగులోంచి నేల కనిపిస్తోంది, సీట్లో కోడి గుడ్లు పెట్టింది. ఎవరో అప్పటికే దాని ముందు షాఫ్టు కూడా పీక్కుపోయారు. మిగతావాళ్ళెవరు చూసినా తుక్కు అనేవాళ్ళు. లాజరు కిందికి దూరి, చాసిస్ చట్రం మీద సుత్తితో అటూ ఇటూ కొట్టి, చెవి పెట్టి విన్నాడు. లోపల ఇనుము ఇంకా గట్టిగానే మోగింది.

"ఇది నాకిస్తారాండి?" అన్నాడు.

"ఏం చేసుకుంటావయ్యా?"

"పని ఉందండి."

రెండేళ్ళపాటు జీతం లేకుండా తన లారీల బాగోగులు చూసేట్టు మాట్లాడుకుని బ్రహ్మానందం బండి ఇచ్చేశాడు. తాను గెలిచాననే ఆయన అనుకున్నాడు.

అప్పట్నుంచి లాజరు ఆదివారాలు గుడి కాగానే బండి దగ్గరే. పగ చేసినంత శ్రద్ధగా ప్రేమ కూడా పనిచెయ్యదేమో అనిపిస్తుంది ఆ బండిని చూస్తే. తినేసిన క్యాబిన్ కోసి పారేసి, సగం తలుపులతో కొత్తది అతికాడు. వేమూరు వడ్రంగి చేత పాత తుమ్మ దుంగలు కోయించి తొట్టికి పలకలు వేయించాడు, నీళ్ళు కారిపోవటానికి మధ్య సందులు వదిలాడు. పాత బస్సు కమాను పట్టీలు రెండేసి కలిపి బండిని జానెడు పైకి లేపాడు. గొర్రు పళ్ళలాంటి గాడులున్న టైర్లు వేశాడు. సైలెన్సర్ గొట్టాన్ని కింద వదలకుండా వంచి క్యాబిన్ పక్కనుంచి పైకి నిలబెట్టాడు, మొలలోతు నీళ్ళు వచ్చినా ఇంజను ఊపిరి ఆడాలని. కరెంటు తీగల మీద సైకిలు ట్యూబు తొడిగి గ్రీజు పూశాడు. ఉప్పుగాలి తినకుండా అడుగంతా పడవలకి పూసే తారు పూశాడు. రేపల్లె దగ్గర కాలవ లాకుల్లో పనికిరాదని తీసి పారేసిన గేటు ఎత్తే చక్రం ఒకటి సంపాదించి ముందు బంపరుకి బిగించాడు. దానికి ఇనప తాడు చుట్టి చేత్తో తిప్పితే ఎంత దిగబడిన బండైనా వచ్చి తీరాలి.

అన్నిటికన్నా ఆఖరున షాఫ్టు. జీపుది పొట్టి, దీనికి చాలదు. మధ్యకి కోసి, గొట్టం అతికి, పొడుగు చేసి, వంకర లేకుండా దారం కట్టి చూసి చూసి వెల్డింగు చేశాడు. నీలం మరక ఉన్న ముక్కకి మాత్రం రంగు వెయ్యలేదు. హనుమంతరావు చూసి, "కొత్తది వేసుకోరాదంట్రా, అతుకులబొంతెందుకు?" అన్నాడు.

"ఇదే కావాలండి," అన్నాడు లాజరు.

డెబ్భై రెండులో సూర్యలంక ఇసకలో మొదటిసారి తోలి చూశాడు. బ్రహ్మానందం ఉప్పు లారీ ఒకటి అక్కడ ఇరుసుదాకా కూరుకుపోయి ఉంది. లాజరు రెండో లివరు లాగాడు. కింద షాఫ్టు ఒక్కసారి కూతపెట్టి తిరిగింది, ముందు చక్రాలు ఇసకని పట్టుకున్నాయి. లారీకి ఇనప తాడు తగిలించి బయటికి లాగితే కూలీలు గోలగోలగా చప్పట్లు కొట్టారు. బ్రహ్మానందం నోరు తెరుచుకుని, "ఒరే, దీన్ని నీకెందుకిచ్చానురా?" అన్నాడు. ఆ రోజు లాజరు సముద్రం అంచునే, తడి ఇసక మీద, ఎదురుగాలిలో నాలుగు మైళ్ళు ఊరికే తోలుకుపోయాడు. చిన్నప్పట్నుంచీ ఆ సముద్రం చూస్తున్నవాడే, అయినా ఆ ఒక్క రోజే దాన్ని చూసి నవ్వొచ్చింది. వెనక్కి తిప్పాక మళ్ళీ మురుక్కాలవ మలుపే గుర్తొచ్చింది.

షెడ్డు మానేసి సొంతంగా బండి తోలుకోవటం మొదలుపెట్టాడు. అడవులదీవి నుంచి రొయ్యల బుట్టలూ చేపల బుట్టలూ రేపల్లె స్టేషనుకి, అక్కణ్ణుంచి ఐసు దిమ్మలు వెనక్కి. వానలకి కట్ట మూసుకుపోయినప్పుడు ఊళ్ళోకి వచ్చే బండి అదొక్కటే. రోగులు, పురుళ్ళు, బళ్ళో పరీక్ష రాసే పిల్లలు, అందరూ ఆ తుమ్మ పలకల మీదే. ఎవరొచ్చినా ఎక్కించుకునేవాడు, ఎవరినీ వద్దనేవాడు కాదు. వద్దనేది ఒక్కరికే దాచిపెట్టుకున్నాడు.

బసవేశ్వరరావు ఆ బండి చూసి మెచ్చుకున్నాడు కూడా. తారు రోడ్డు మీద ఎదురైనప్పుడు జీపు ఆపించి, "బాగా కట్టావురా," అన్నాడు. లాజరు తలొంచుకుని, "తమ దయ అండి," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

డెబ్భై రెండులో వానలు వచ్చాయి, పోయాయి. ఆయన వానాకాలం మొత్తం జీపుతో కట్ట మీదికి రాలేదు. మరుసటి ఏడాది ఆశ్వయుజం వచ్చింది. మూడు రోజుల ముసురు. పదకొండు గంటలవేళ లాజరు చేపల బుట్టలు వేసుకుని రేపల్లె బయల్దేరాడు. రేపల్లె గుడిలో స్త్రీల సమాజం కూటం ఉందని విజయమ్మ కూడా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మలుపు తిరిగేసరికి కనిపించింది. అదే జీపు. అదే చోటు. వెనక చక్రాలు సగందాకా లోపలికి. రామకృష్ణ బురదలో పడి తోస్తున్నాడు. బసవేశ్వరరావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె మోకాళ్ళదాకా నల్లగా ఉంది.

లాజరు కళ్ళతోనే దారి కొలిచాడు. ఎనిమిదేళ్ళు. పక్కన రెండు గజాల జాగా ఉంది, తన బండికి చాలు. రెండో లివరు మీద చెయ్యి వేశాడు.

బసవేశ్వరరావు చెయ్యెత్తాడు.

అచ్చం అనుకున్నట్టే ఎత్తాడు. గొడుగు పక్కకి పడిపోయింది, దాన్ని కూడా పట్టించుకోకుండా రెండో చెయ్యి కూడా ఎత్తాడు. లాజరు బండి నెమ్మది చేశాడు. ఆపటానికి కాదు, ఆ దృశ్యం కాసేపు కళ్ళారా చూసుకోవటానికి. సరిగ్గా అప్పుడే జీపులోంచి మూలుగు వినపడింది. వెనక సీట్లో కనకదుర్గ వాలిపోయి ఉంది. తెల్లవారుఝాము నుంచి వాంతులూ భేదులూ. కళ్ళు గుంటలు పడ్డాయి, చేతులు ముడతలు పడ్డాయి.

లాజరు చూసీ చూడనట్టు లివరు లాగాడు. కానీ విజయమ్మ కదులుతున్న బండిలోంచి కాలు కింద పెట్టేసింది. అతను బ్రేకు తొక్కక తప్పలేదు. ముసలామె బురదలో పడుతూ లేస్తూ జీపు దగ్గరికి పోయి, కనకదుర్గ తల ఎత్తి తన భుజాన వేసుకుంది.

"అమ్మా, నువ్వు రా," అన్నాడు లాజరు.

"ఆ రోజు జీపు ఇప్పించింది ఈవిడేరా. ఈవిడతో మనకి పగ లేదు," అంది విజయమ్మ. "ముందు సీటు ఖాళీ చెయ్యి. ఆయనతో నీ లెక్క నువ్వు చూసుకో."

రామకృష్ణ, విజయమ్మ కలిసి ఆవిడని మోసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. విజయమ్మ పక్కనే ఎక్కి పట్టుకుంది. బసవేశ్వరరావు కూడా ఆ పక్కకే రాబోయాడు. లాజరు దిగి అడ్డంగా నిలబడ్డాడు. ఆ మనిషి కళ్ళలోకి అతను సూటిగా చూడటం అదే మొదలు.

"మీరు వెనకండి," అన్నాడు.

సీటు కింద పెట్టెలోంచి గోనె తీశాడు. బండి కట్టినప్పట్నుంచీ అది అక్కడే ఉంది. చేపల బుట్టల మధ్య, నీచు నీళ్ళు కారుతున్న పలకల మీద పరిచాడు.

"ఏంట్రా ఇది?"

"మా అక్కని పడుకోబెట్టమన్నారు కదండి, ఆ గోనె. సీటు పాడవుద్దన్నారు. నా సీటూ అంతేనండి."

బసవేశ్వరరావు మొహం పాలిపోయింది. వాన నెత్తిన పడుతోంది. భార్య వంక చూశాడు, గోనె వంక చూశాడు. పలక పట్టుకుని ఎక్కి, దాని మీద కూర్చున్నాడు. లాజరుకి ఒళ్ళంతా చల్లబడినట్టయింది. పక్కనుంచి పోవటం కన్నా ఇదే బాగుంది. ఇంకొక్క మాట మిగిలింది, అది కూడా అనేశాడు.

"ఇంకోటి చెప్పనాండి? ఈ బండి కింద తిరుగుతుంది చూశారూ, అది మీ షాఫ్టేనండి. మీరు ఊడదీయించిందే. ఇప్పుడు మిమ్మల్ని లాక్కుపోయేది అదే."

ఏడుస్తాడనుకున్నాడు, కనీసం తలొంచుకుంటాడనుకున్నాడు. బసవేశ్వరరావు గోనె మీద కూర్చునే తలెత్తాడు.

"ఊడదీసింది నువ్వేగా," అన్నాడు. "అరగంట కుర్చీలో కూర్చున్నాను ఆ రోజు. నేనేమన్నా మెకానిక్కునా? ఏదో విన్నాను, తీయమన్నాను. తీసేవాడివి, ఆ ఊరివాడివి, ఆ కట్ట తెలిసినవాడివి. వద్దండీ అని ఒక్క మాట అన్నావంట్రా నువ్వు?"

"చెబితే వినేవారా?"

"వినేవాణ్ణో కాదో. చెప్పావా?"

ముందు సీట్లోంచి విజయమ్మ మెడ తిప్పి చూస్తోంది. లాజరు గబగబా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, లివరు లాగి, బండి ముందుకి దూకించాడు. షాఫ్టు కూతపెట్టింది. ముందు చక్రాలు నల్లమట్టిని చీల్చుకుంటూ మలుపు దాటించాయి. ఏడాదిగా ఆ కూత వింటే అతనికి కడుపు నిండేది. ఆ రోజు మాత్రం రేపల్లె దాకా అది ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు వినపడింది.

ఆసుపత్రిలో సెలైను పెట్టారు. సాయంత్రానికి కనకదుర్గ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. ఇక భయం లేదన్నారు. బసవేశ్వరరావు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, పంచె నిండా చేపల పొలుసులు. వచ్చేపోయేవాళ్ళు ముక్కు మూసుకుని తప్పుకుంటున్నారు. ఎనిమిదేళ్ళుగా లాజరు కలగన్నది అదే. చూడబుద్ధి కాలేదు.

బండి దగ్గర విజయమ్మ నిలబడి ఉంది. కూటానికి వెళ్ళలేదు.

"ఆయన అడిగినదానికి జవాబు చెప్పలేదేంరా?"

"ఆయనతో మాటలేంటమ్మా, పద."

"నాతో చెప్పు. ఆ రోజు వద్దని చెప్పావా, లేదా?"

లాజరు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఎనిమిదేళ్ళు చించుకోకుండా మోశాడు, ఇక మొయ్యలేకపోయాడు.

"చెప్పలేదమ్మా."

"భయమేసిందా?"

భయమని అనేస్తే సరిపోయేది. తల్లి అంతటితో ఊరుకునేది. పాలేరు కొడుకు దొర ముందు నోరెత్తలేకపోయాడంటే లోకం కూడా ఒప్పుకుంటుంది. కానీ అది కాదు.

"భయం కాదు. నలుగురిలో అయ్యని అన్నాడమ్మా, నన్నన్నాడు. నట్లు విప్పుతూ అనుకున్నా. ఇది తీస్తే ఆ మలుపులో దిగబడి చస్తాడు, ఆ తెల్ల పంచెతో బురదలో నడిచి ఇంటికి పోతాడు, పోనీ, ఒక్కసారి పోతేగాని బుద్ధి రాదు అనుకున్నా. చెప్పకూడదనే చెప్పలేదు. నవ్వుకున్నాను కూడా. అందులో అక్క ఎక్కుద్దని నేననుకోలేదమ్మా."

విజయమ్మ ఏడవలేదు. తిట్టలేదు. అతని మొహం వంక చూసింది, ఎవరి పిల్లాడో పోల్చుకుంటున్నట్టు.

"నా కొడుకు చెప్పాడని ప్రతి ఆదివారం దేవుడికి చెప్పానురా," అంది. "ఆయన్ని శిక్షించమని అడిగాను."

తరవాత బండి వెనక్కి నడిచింది. చేపల బుట్టలు దింపేశారు, తొట్టి ఖాళీగా ఉంది. బసవేశ్వరరావు కూర్చున్న గోనె అక్కడే తడిసి పడుంది. ఆవిడ పలక పట్టుకుని కష్టపడి ఎక్కి, గోనె సర్ది, చేత్తో దులిపి, దాని మీద కూర్చుంది. కూతురు పోయిన రోజు ఆ నాలుగు గంటలూ కూర్చున్నట్టే, కాళ్ళు చాపి, ఒడి ఖాళీగా పెట్టుకుని.

"వాన పడుతోందమ్మా," అన్నాడు లాజరు. "ముందుకి రా. ముందు కూర్చో."

"బండి తియ్యి," అంది విజయమ్మ.

అతను ఇంకో రెండుసార్లు పిలిచాడు. ఆవిడ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. లాజరు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ. కట్ట మీదికి ఎక్కాక మురుక్కాలవ మలుపు దగ్గర రెండో లివరు లాగాడు, షాఫ్టు తిరిగింది, ముందు చక్రాలు పట్టుకున్నాయి, బండి ఎక్కడా ఆగకుండా ఇద్దరినీ ఇంటికి చేర్చింది.